ఈ రచన మీ సొంతమేనా?

వినే పుస్తకాల గది, మేడ మీద,
జూలై 2.

చిరంజీవి స్క్రూడ్రైవర్‌కి,

మీ వదిన రాస్తోంది. ఫోన్ ఉండగా ఉత్తరమేమిటి అనుకుంటున్నావేమో. ఫోన్లో అయితే నువ్వు మాట దాటేస్తావు. నాలుగో నిమిషానికి "వదినా, మీటింగ్" అంటావు. తొమ్మిదేళ్లప్పుడు నా కుట్టుమిషను ఊడదీసి, బిగించడం చేతకాక, మరలన్నీ స్కూలు సంచిలో దాచినవాడివి నువ్వు. నీకు కాగితం మీదే రాయాలి. కాగితం మీద అడిగినదానికి కాగితం మీదే జవాబు రావాలి.

ముందు ఇంటి సంగతి. మీ అన్నయ్య ఆపరేషన్ పదకొండో తేదీకి ఖాయం చేశారు. స్వరపేటిక మొత్తం తీసేస్తారట. ప్రాణానికేం భయం లేదని డాక్టరు మూడుసార్లు చెప్పాడు. మాట సంగతి ఒక్కసారే చెప్పాడు, ఇక రాదని. అప్పటిదాకా కూడా నోరు మెదపకూడదట. ఇంట్లోకి పలక కొన్నాం. ముప్ఫై ఏళ్లు ప్రెస్సులో ప్రూఫులు దిద్దిన మనిషి కదా, కాఫీ కావాలని రాసినా కామా, ఫుల్‌స్టాపు పెడుతున్నారు.

పుస్తకం చదవడం మాత్రం పూర్తిచేశారు. నాలుగు వందల పన్నెండు పేజీల శరీర నిర్మాణ శాస్త్రం, నూట అరవై మూడు బొమ్మలు. పేజీ చదవడం ఎవరైనా చదువుతారు. బొమ్మను చూపులేనివాళ్లకి చెప్పడం మీ అన్నయ్యకే చేతనవును. పుస్తకం రాసిన డాక్టరమ్మ దగ్గర ప్లాస్టిక్ అస్థిపంజరం అడిగి తెచ్చుకుని, కళ్ళు మూసుకుని ఒక్కో ఎముకా తడిమి, "ఇక్కడ బొటనవేలు పెట్టండి, కిందికి జరపండి, ఒక గాడి తగులుతుంది" అంటూ చెప్పారు. ఆ మాటలు ఏ కాగితం మీదా లేవు. నువ్వు పంపిన రికార్డర్‌లోనే ఉన్నాయి, ముప్ఫై ఒక్క గంటలు.

ఇప్పుడు అసలు సంగతి. పందొమ్మిది మంది విద్యార్థులు, ఏడు ఊళ్ళు. సెప్టెంబరు ఇరవై ఎనిమిదిన వాళ్లకి ఫిజియోథెరపీ పరీక్ష. ఒక్కరికీ చూపు లేదు, ఒక్కొక్కరికీ ఒక మెమరీ కార్డు పంపాలి. ఈ గదిలో కాపీలన్నీ తీసేది మా ఆపరేటరమ్మ. ఒకప్పుడు టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో చేసేది, తనకీ చూపు లేదు. ఆవిడ మొదటి కార్డు పెట్టి బటన్ నొక్కింది. నీ పెట్టె కీచుమంది. నేను వెళ్లి తెర చూస్తే "కాపీకి అనుమతి లేదు" అని ఉంది. ఇంకో కార్డు పెట్టాం, అదే. పందొమ్మిదీ అదే.

ఎవరి అనుమతి నాయనా? చదివినవాడు మా ఇంటాయన. రాసిన డాక్టరమ్మ సంతకంతో అనుమతి పత్రం నా బీరువాలో భద్రంగా ఉంది. ఇంకెవరి కాళ్లు పట్టుకోవాలి? ఏ బటన్ నొక్కాలో వెంటనే రాయి.

మీ వదిన


కంపెనీ క్వార్టర్స్,
జూలై 7.

వదినా,

కుట్టుమిషను సంగతి ఇంకా మర్చిపోలేదా? నేను పోయాక కూడా చెప్పుకుంటావు నువ్వు.

అన్నయ్య గురించి చదివి చాలాసేపు ఏ పనీ చెయ్యలేకపోయాను. పదకొండున పొద్దున్నే ఆసుపత్రికి వస్తాను. సాయంత్రానికి తిరిగి రావాలి, కొత్త మోడల్ తనిఖీలు నడుస్తున్నాయి, తిట్టకు.

పెట్టె పాడవలేదు, కంగారుపడకు. చెయ్యాల్సిన పనే చేస్తోంది. పాటల కంపెనీలూ సినిమాల కంపెనీలూ తమ సరుకు ఎవరు పడితే వాళ్లు కాపీ తీస్తున్నారని గోలపెడితే, రికార్డర్లు చేసేవాళ్లమందరం ఒక ఒప్పందం మీద సంతకం పెట్టాం. లోపల చిన్న చిప్పు ఉంటుంది. పరాయి సొత్తు అని తెలిస్తే అది తాళం వేసేస్తుంది. దొంగల కోసం పెట్టిన తాళం, మనకేం సంబంధం లేదు.

మొదటిసారి ఆన్ చేసినప్పుడు అది ఒక ప్రశ్న అడుగుతుంది. "అవును" అంటే ఏ గొడవా ఉండదు. ఒకసారి నొక్కాక జవాబు మార్చడానికి వీలుండదు. మరి ఏం నొక్కారు? ఆపరేటరమ్మగారి చెయ్యి పొరపాటున పక్క బటన్ మీద పడిందేమో కనుక్కో. ఈలోగా అందరినీ గదికి పిలిచి పెట్టెలోనే వినిపించేస్తే సరిపోదా?

నీ మరిది


వినే పుస్తకాల గది,
జూలై 16.

స్క్రూడ్రైవర్‌కి,

ఆసుపత్రి వరండాలో గొడవెందుకని ఊరుకున్నాను. నువ్వు మీ అన్నయ్య చెయ్యి పట్టుకుని కూర్చున్నావు, అది చూసి ఊరుకున్నాను. ఇంటికొచ్చేశాం. మెడ కింద చిల్లు పెట్టారు, ఊపిరి అందులోంచే. మనిషి కులాసాగానే ఉన్నాడు. తుమ్మినా చప్పుడు లేదు. పక్కగదిలో ఉన్నాడో లేడో తెలియక నేనే మాటిమాటికీ వెళ్లి చూసుకుంటున్నాను.

ఇక వినుకో.

ఆపరేటరమ్మ చెయ్యి జారిందేమో అన్నావు. ఇరవై రెండేళ్లు చేత్తో తడిమి లైన్లు కలిపిన మనిషి. ఒక్క రాంగ్ నంబరు ఇచ్చిందని పేరు లేదు. నీ ఉత్తరం చదివి వినిపిస్తే నవ్వింది, నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. పెట్టె వచ్చిన రోజు దాన్ని నాలుగువైపులా తడిమి, "ఇది మాట్లాడదే, తెర మీద ఏముందో ఎవరైనా చదవండి" అంది. చూపులేనివాళ్ల గదికి నోరులేని పెట్టె పంపావు, ఆ సంగతి ఇంకోసారి అడుగుతాను.

చదివింది మీ అన్నయ్య. "ఇందులో నమోదు చేయబోయే రచన మీ సొంతమేనా?" కింద అవును, కాదు. రెండే. ఆయన కళ్ళజోడు తుడుచుకుని రెండుసార్లు చదివారు. "కాదు, డాక్టరమ్మది" అన్నారు. అని, "కాదు" నొక్కారు. నేను పక్కనే ఉన్నాను. నాకూ సబబే అనిపించింది. అట్ట మీద ఇంకొకరి పేరుంటే నాదే అని ఎలా చెప్తాడు ఆయన?

అదీ ఆయన చేసిన నేరం. నిజం చెప్పాడు. అబద్ధం చెప్పుంటే ఈపాటికి పందొమ్మిది కార్డులూ పోస్టులో ఉండేవి. దొంగల కోసం పెట్టిన తాళమన్నావు. దొంగ వస్తే మీ పెట్టె ఏం చేస్తుంది? "అయ్యా, మీరు దొంగలా?" అని అడుగుతుంది. వాడు కాదనగానే పక్కకు తప్పుకుంటుంది! ఎవరు కనిపెట్టారయ్యా ఈ తెలివి?

అందరినీ గదికి పిలవమన్నావు. ఒకమ్మాయి ఆసుపత్రిలో పనిచేస్తూ చదువుకుంటోంది. ఇంకొకతను నాలుగు గంటల దూరం. ఒక్కో పేజీ పదిసార్లు ఆపి ఆపి, తన ఒంటి మీద తనే తడుముకుని నేర్చుకునే చదువిది. బెంచీల మీద కూర్చోబెట్టి సినిమా చూపించడం కాదు. తాళం నువ్వే తియ్యి. నీ పెట్టె, నీ ఫ్యాక్టరీ, నీ చేతిలో పని.

మీ వదిన


కంపెనీ క్వార్టర్స్,
జూలై 22.

పూజ్యులైన వదినగారికి,

మీ ఉత్తరం అందింది. మీ కోపం నాకు అర్థమైంది. కానీ ఒకవైపే చూస్తున్నారు.

మా వెనకవీధిలో ఒక పాటలాయన ఉండేవాడు. సొంతంగా బాణీలు కట్టి, తనే పాడి, ఏడాదికో ఆల్బమ్ తెచ్చేవాడు. పోయినసారి విడుదలైన వారానికే బస్టాండులో గుట్టలు గుట్టలుగా కాపీలు. ఆ కాపీలు తీసింది మా పాత మోడల్ మీదే. ఆయన నన్ను వీధిలో ఆపి, "నువ్వు చేసిన మిషనేగా అది" అన్నాడు. ఆర్నెల్లకి ఇల్లు ఖాళీచేసి వెళ్ళిపోయాడు. ఆ మనిషి కష్టం కష్టం కాదా? యంత్రం చేసేవాడికి ఏ బాధ్యతా లేదంటారా?

పైగా ఒప్పందం నా ఒక్కడిదీ కాదు. తాళం తీస్తే కంపెనీ లైసెన్సు పోతుంది. ఈ లైను మీద మూడు వందల నలభై మంది పనిచేస్తున్నారు. అన్నయ్య కోసమని నేను తలుపు తెరిస్తే రేపు ఇంకొకడు వాళ్ల బావ కోసం తెరుస్తాడు.

దీనికో పద్ధతి ఉంది. సొంతదారు ధ్రువీకరణ ఫారం జతచేశాను. పెట్టె అన్నయ్య పేరు మీద ఉంది కనక ఇంకెవరి సంతకమూ చెల్లదు. అన్నయ్య సంతకం పెట్టి పంపితే పది రోజుల్లో అధికారికంగా తాళం తీస్తారు. దయచేసి ఈ దారిలో వెళ్దాం.

మీ మరిది


వినే పుస్తకాల గది,
జూలై 28.

"పూజ్యులైన వదినగారి" మరిదికి,

ఎప్పట్నించి నాకు "మీరు" పెడుతున్నావు? నీకు జడ వేసి స్కూల్లో నాటకానికి పంపిన వదినని. "మీరు" అనే మాట వెనకాల దాక్కుంటే కనిపించవనుకున్నావా? నువ్వు ఏదో దాస్తున్నావు. అది నాకు తెలిసిపోయిందని రాసి పెట్టుకో.

నీ పాటలాయన గురించి చదివి జాలేసింది. నిజంగానే. కానీ నీ తాళం ఆయన్నేం కాపాడింది? నిన్న మీ అన్నయ్యకి కట్టు మార్పించడానికి వెళ్తే, ఆసుపత్రి గేటు పక్కన ఒకడు బల్ల వేసుకుని కొత్త పాటలు అమ్ముతున్నాడు. బల్ల కింద నీ పెట్టే, ఇదే రంగు. "ఇది కాపీ తియ్యనివ్వదుగా?" అని అడిగాను. "ఎందుకు తియ్యదు, సొంతమేనా అని అడుగుతుంది, అవును అంటాం" అన్నాడు. ఆపకుండా కార్డులు నింపుతూనే ఉన్నాడు! నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఇక్కడ మేం పడ్డ పాట్లు కూడా విను. పెట్టె స్పీకరు దగ్గర ఫోన్ పెట్టి పట్టుకుందాం అన్నాం. అరనిమిషానికి ఫోన్ తనంతట తనే ఆగిపోయి, అనుమతి లేదంది. అంధుల పాఠశాల నుంచి కొత్త రికార్డర్ తెప్పించాం, అదీ అంతే. వినే శబ్దంలో కూడా ఏదో గుర్తు కలిపారటగా, మీ ఒప్పందం కంపెనీలన్నీ! అటకమీది పాత టేప్ రికార్డర్ దింపితే అది టేపు నమిలేసింది. ఒక పెట్టె నోరు మూసుకుంటే ప్రపంచంలోని పెట్టెలన్నీ నోరు మూసుకునేలా కట్టుదిట్టం చేశారు. ఈ శ్రద్ధలో సగం పెట్టి దాన్ని మాట్లాడించి ఉంటే ఆపరేటరమ్మ నీకు దణ్ణం పెట్టేది.

ఇక నీ ఫారం. "పై రచన నా సొంత రచనయేనని, దీనిపై ఇతరులెవరికీ హక్కు లేదని ధ్రువీకరిస్తున్నాను." అది చదివి మీ అన్నయ్య కలం మూత పెట్టేశారు. సంతకం చెయ్యనని పలక మీద రాశారు. నేను బతిమాలాను, అరిచాను. "ఎవరికి నష్టం? డాక్టరమ్మే స్వయంగా పెట్టెయ్యమంటోంది కదా!" అన్నాను. కదల్లేదు. పెళ్లయిన ఇరవై ఆరేళ్లలో ఆయనతో అంత గట్టిగా పోట్లాడింది ఇదే, అదీ తిరిగి జవాబు చెప్పలేని మనిషితో. తర్వాత నా మీద నాకే అసహ్యం వేసింది. ఆయన చీటీ ఇందులో పెడుతున్నాను.

ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో నాకు తెలియడం లేదు. ప్రస్తుతానికి నీ మీదే ఉంచుతున్నాను.

మీ వదిన

(చీటీ)

తమ్ముడూ,

మీ వదిన మాటలు మనసులో పెట్టుకోకు. ఆమె నా బదులు కూడా అరవాల్సి వస్తోంది.

ఫారం వెనక్కి పంపుతున్నాను. డాక్టరమ్మ ఈ పుస్తకానికి పదకొండేళ్లు పడ్డ కష్టం నేను ప్రూఫుల్లో చూశాను. ప్రతి పేజీ నాలుగుసార్లు తిరగరాసింది. ఆ పుస్తకం నాదని రాస్తే, మీ తాళం ఏ దొంగతనం ఆపాలని పెట్టారో ఆ దొంగతనం నేనే చేసినట్టు. అది నా వల్ల కాదు.

ఆ పిల్లలకి మాత్రం పుస్తకం అందాలి. ఇంకో దారి చూడు.

అన్నయ్య


కంపెనీ క్వార్టర్స్,
ఆగస్టు 6.

వదినా,

దాస్తున్నావన్నావు. దాచాను.

ఆ ప్రశ్న రాసింది నేనే.

పోయినేడాది చిప్పు పనంతా నా బల్ల మీదే జరిగింది. నేను మొదట గీసిన తెరలో మూడు బటన్లు ఉండేవి. "సొంతం", "సొంతం కాదు", మూడోది "సొంతం కాదు, అనుమతి ఉంది". ఆ మూడోది పెట్టేటప్పుడు నాకు మీ గదే కళ్ళముందుంది, ఒట్టు. పాటల కంపెనీల తరఫున ఒకాయన తనిఖీకి వచ్చాడు. చాలా మర్యాదస్తుడు. మూడో బటన్ మీద వేలు పెట్టి, "దీన్ని అందరూ నొక్కేస్తారు కదండీ" అన్నాడు. గదిలో ఆరుగురు ఉన్నాం. "మొదటి బటన్ కూడా అందరూ నొక్కగలరు కదా సార్" అని ఒక్క ముక్క అంటే సరిపోయేది. ఆ ముక్క నా నోటిదాకా వచ్చింది. సాయంత్రం ప్రమోషన్ల జాబితా వస్తుందని అందరికీ తెలుసు. నేను పెన్ను తీసి ఆ బటన్ని నా చేత్తోనే కొట్టేశాను. ఆయన "సంతోషం" అన్నాడు.

చీఫ్ ఇంజనీరునయ్యానని ఉత్తరం రాస్తే నువ్వు వీధిలో అందరికీ చెప్పుకున్నావుగా, అది ఆ జాబితాయే.

ఆపరేటరమ్మ చెయ్యి జారిందేమోనని రాసినప్పుడే నాకు తెలుసు, అన్నయ్య "కాదు" నొక్కి ఉంటాడని. అన్నయ్య కాక ఇంకెవరు నొక్కుతారు? తెలిసే ఆవిడ మీదకి నెట్టాను. పాటలాయన కథ నిజమే, కానీ దాన్ని కూడా అడ్డం పెట్టుకోవడానికే రాశాను.

పెట్టె పంపు. పోస్టులో వద్దు.

నీ మరిది


వినే పుస్తకాల గది,
ఆగస్టు 12.

నీ ఉత్తరం మీ అన్నయ్యకి చూపించలేదు. ఎందుకు చూపించలేదో నాకూ తెలియదు. ఆయన అడిగితే చూపిస్తాను.

ఒక్క గీత! పెన్నుతో ఒక్క గీత గీయడానికి ఎంతసేపు పట్టింది నీకు? ఆ గదిలో ఆరుగురికీ కళ్ళున్నాయిగా? కంపెనీ ఒప్పందం, లైసెన్సు, మూడు వందల నలభై మంది అంటూ రెండు పేజీలు నింపావు. తీరా చూస్తే అక్కడున్నది నువ్వూ నీ ప్రమోషనూ. తిట్టడానికి కూడా నోరు రావడం లేదు, ఏం చెయ్యను, నిన్ను పెంచింది నేనే కదా.

పెట్టె ఆపరేటరమ్మ స్వయంగా పట్టుకుని పందొమ్మిదిన బస్సుకి వస్తోంది. తోడు పంపుతానంటే వద్దంది. పెట్టెని ఒళ్ళోంచి దించనని చెప్పింది. ఆవిడకి నువ్వే ఎదురెళ్లు. ఆవిడకి నువ్వు బాకీ ఉన్న మాట ఒకటుంది, అది కూడా చెప్పు.

వదిన


కంపెనీ క్వార్టర్స్,
ఆగస్టు 27.

వదినా,

ఆపరేటరమ్మ క్షేమంగా చేరే ఉంటుంది. బస్టాండులోనే క్షమాపణ చెప్పాను. "ముందు పని కానివ్వు బాబూ, తర్వాత తీరిగ్గా చెప్దువు" అంది.

దొంగచాటుగా చెయ్యకూడదనుకున్నాను. అన్నయ్య చీటీ చదివాక ఇంక ఆ దారి లేదు. అందుకని పట్టపగలు, పదకొండు గంటలకి, అందరూ ఉండగా ఆవిడని టెస్టింగ్ గదిలోకి తీసుకెళ్లాను. ఎవరు ఏ యంత్రం తెరిచారో రాసే పుస్తకం ఒకటుంటుంది. అందులో నా పేరు రాసి, కారణం అన్నచోట "ఈ రచన వీరి సొంతం కాదు. వీరికి అనుమతి ఉంది. ఆ మాట చెప్పే వీలు లేకుండా చేసింది నేను" అని రాశాను. డాక్టరమ్మ పత్రం దాని పక్కనే అంటించాను. తాళం తియ్యడానికి నలభై సెకన్లు పట్టింది. రెండు నెలలు మిమ్మల్ని ఏడిపించింది ఆ నలభై సెకన్ల పని!

స్పీకర్లో అన్నయ్య గొంతు వచ్చింది. "మొదటి అధ్యాయం. హాయిగా కూర్చోండి, చేతులు ఖాళీగా ఉంచుకోండి." ఆపరేటరమ్మ చటుక్కున చీరకొంగుతో చేతులు తుడుచుకుంది. పక్కబల్లల వాళ్లు లేచి వచ్చి నిలబడ్డారు.

మర్నాడు విచారణ. ఒక కాగితం ముందే టైపు చేసి పెట్టారు, "పొరపాటున తెరిచాను" అని. సంతకం పెడితే ఒక హెచ్చరికతో పోతుందన్నారు. నా మీద ప్రేమతోనే చెప్పారు, అబద్ధమాడను. నేను దాన్ని కొట్టేసి "తెలిసే తెరిచాను" అని రాశాను. అప్పుడు మొదలైంది. ఒప్పందం అన్నారు, ద్రోహం అన్నారు. నాకూ కోపం వచ్చింది వదినా, నీకొచ్చినట్టే. "ద్రోహం ఎవరికి సార్? పెట్టె కొన్నవాడి ఇంట్లో కూర్చుని, వాడి కరెంటు తింటూ, వాడి మాట వినని పెట్టె చేశాం మనం. అమ్మేటప్పుడు ఆ ముక్క అట్టపెట్టె మీద రాశామా? పాటలవాళ్లకి కాపలా కావాలంటే వాళ్లని పెట్టుకోమనండి. నేను రికార్డర్లు చెయ్యడానికి చేరాను, జనాన్ని అనుమానించడానికి కాదు. పోనీ ఆ కాపలా అయినా దొంగని పట్టిందా? ఆసుపత్రి గేటు దగ్గరికెళ్లి చూడండి. అది పట్టుకున్నది గొంతులేని ప్రూఫ్‌రీడర్ని!" అన్నాను. అంత గట్టిగా నేనెప్పుడూ మాట్లాడలేదు. ఆ మర్యాదస్తుడు కూడా ఉన్నాడు, కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

గుర్తింపు కార్డు తీసుకున్నారు. తాళం మాత్రం అన్ని మోడళ్లలోనూ అలాగే ఉంటుందట. ఒక్క పెట్టె తెరిచాను, అంతే నా వల్ల అయింది.

నీ మరిది


వినే పుస్తకాల గది,
సెప్టెంబరు 4.

ఒరేయ్,

ఉద్యోగం పోయినందుకు నేను ఓదార్చను. నీ మీద కోపం తగ్గిందని కూడా అనుకోకు. సగం తగ్గింది, మిగతా సగం ఎదురుగా కనిపిస్తే చూద్దాం. నీ ఆగస్టు ఉత్తరాలు రెండూ మీ అన్నయ్య అడిగారు. ఇచ్చాను. ప్రూఫు చూసినట్టు వేలు పెట్టి ఒక్కో వాక్యమూ చదివి, మడిచి, జేబులో పెట్టుకున్నారు.

పందొమ్మిది కార్డులూ కాపీ అయ్యాయి. కవర్ల మీద చుక్కల లిపిలో పేర్లు కూడా ఆపరేటరమ్మ కొట్టేసింది. పంపేముందు ఒకసారి మొత్తం వింటానని మీ అన్నయ్య కూర్చున్నారు. ఆపరేషన్ తర్వాత తన గొంతు తను వినడం అదే మొదటిసారి. నేను వంటింట్లో నిలబడి ఆయన వీపు చూస్తూ ఉన్నాను. రోజుకి ఆరు గంటలు. నాకు వినడం కష్టమైంది. ఇల్లంతా ఆ మాట వినిపిస్తోంది, ఎదురుగా మనిషి నోరు మూసుకుని కూర్చున్నాడు. ఆయన మాత్రం పుస్తకం ఒళ్ళో పెట్టుకుని పెన్సిలుతో టిక్కులు పెట్టుకుంటూ పోయారు.

నాలుగో రోజు నూట నలభయ్యో బొమ్మ దగ్గర బల్ల మీద దబ్బున కొట్టారు. పరుగెత్తుకెళ్లాను. పలక మీద రాశారు: "తప్పు. కుడి." బొమ్మలో మనిషి మనకి ఎదురుగా నిలబడి ఉంటాడు కదా. కాగితం మీద ఎడమవైపు కనిపించేది ఆ మనిషికి కుడివైపు. నూట ముప్ఫై తొమ్మిది బొమ్మల్లో సరిగ్గా తిప్పి చెప్పిన మనిషి, ఆ ఒక్కచోట అలసిపోయి, కాలేయం ఎడమవైపు అని చెప్పేశారు. అది అలాగే నేర్చుకుంటే ఆ పిల్లలు పరీక్ష పోగొట్టుకోవడం అటుంచు, రేపు రోగి పొట్ట మీద తప్పుచోట చెయ్యి వేస్తారు.

జన్మంతా ఇతరుల తప్పులు దిద్దిన మనిషి, తన తప్పు తను దిద్దుకోలేక కూర్చున్నాడు చూడు. నోరు తెరిచారు కూడా, గాలి మెడలోంచి పోయింది. నేనింక చూడలేకపోయాను.

నేను చదువుతానన్నాను, చదివాను. విని, తల అడ్డంగా ఊపారు. వాక్యం మధ్యలో మనిషి మారితే వినేవాడు అక్కడే ఆగిపోతాడట, పరీక్షలో ఆ జాగాలో తడబడతాడట. పలక తుడిచి ఒకే మాట రాశారు: "వాడు."

ఫోన్ ఎత్తితే ఎవరు మాట్లాడుతున్నారో నాకే తెలిసేది కాదు, మీ ఇద్దరి గొంతూ అంత ఒక్కటి. ఆపరేటరమ్మ ఇప్పుడు చెప్తోంది, బస్టాండులో నువ్వు "ఇటు రండి" అనగానే, అయ్యగారికి మాట తిరిగొచ్చిందేమోనని ఒక్క క్షణం ప్రాణం లేచొచ్చిందట. నాకు చెప్తే ఏడుస్తానని ఇన్నాళ్లూ దాచిందట.

పన్నెండో తేదీకి కార్డులు బయలుదేరకపోతే చివరి ఊరికి సమయానికి చేరవు. దిద్దిన వాక్యం మీ అన్నయ్య రాసి ఇచ్చారు, జతచేశాను. రా.

వదిన


కంపెనీ క్వార్టర్స్,
సెప్టెంబరు 7.

వదినా,

తొమ్మిదో తేదీ మధ్యాహ్నానికి వస్తున్నాను. ఈ గది ఖాళీ చెయ్యమన్నారు, ఆ పనొకటి అయిపోతే బయలుదేరడమే.

అన్నయ్య రాసిన వాక్యం తలుపేసుకుని పైకి చదివి చూసుకున్నాను. "మీ కుడి అరచెయ్యి పక్కటెముకల అంచున, కుడివైపు ఆనించండి. కాలేయం ఆ చేతికింద ఉంటుంది." మొదటిసారి ఇంజనీరులా వచ్చింది, యంత్రం ఎలా వాడాలో చెప్తున్నట్టు. అన్నయ్య కామా పెట్టినచోట ఆగాలని, నెమ్మదిగా రెండోసారి మొదలుపెట్టాను. కామా దగ్గరికొచ్చేసరికి ఆపేశాను. గదిలో అన్నయ్య ఉన్నాడు.

అక్కడికొచ్చాక ఆపను, చివరిదాకా చదువుతాను. అది నాకు వదిలెయ్యి. నేను చదివేటప్పుడు అన్నయ్య ఎదురుగా కూర్చోవాలా, వీధిలోకి వెళ్లాలా, అది మాత్రం నువ్వే చూసుకో.

నీ మరిది